సరిహద్దులు దాటే ఆరోగ్య సమాచారం: సమ్మతికి ముందు తెలుసుకోవలసినవి

శస్త్రచికిత్స సమయంలో రోగి కండరాలను సడలించి, శ్వాసనాళంలో గొట్టం అమర్చడానికి మత్తు వైద్యులు సక్సినైల్‌కోలిన్ అనే మందును వాడుతూ ఉంటారు. రక్తంలో ఉండే బ్యూటిరిల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైము ఈ మందును విచ్ఛిన్నం చేస్తుంది. అందువల్ల దాని ప్రభావం సాధారణంగా కొద్ది నిమిషాలలోనే తొలగిపోతుంది. ఆ ఎంజైము పని చేయని వారిలో మాత్రం ప్రభావం గంటల తరబడి నిలిచి ఉంటుంది. అంతసేపూ రోగి స్వయంగా ఊపిరి పీల్చుకోలేడు. కృత్రిమ శ్వాస యంత్రమే అతని ప్రాణాన్ని నిలపాలి.

ఈ లోపం ప్రపంచంలో చాలా అరుదు. కాని తెలుగు మాతృభాషగా గల వైశ్య సమాజంలో ఇది ఇతరులలో కంటే సుమారు వంద రెట్లు ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధనలు తేల్చాయి. ఈ లోపం ఉన్నవారు మిగిలిన అన్ని విషయాలలో ఆరోగ్యంగానే ఉంటారు. చాలామందికి తమలో ఇటువంటిది ఒకటి ఉన్నదన్న సంగతే తెలియదు. మత్తు ఇచ్చే రోజున మాత్రం అది ప్రాణాంతకం కావచ్చు. ముందుగా తెలిస్తే వైద్యుడు మరొక మందును ఎంచుకుంటాడు, ప్రమాదం తప్పిపోతుంది. ఒక్క సమాచారం ఒక ప్రాణాన్ని కాపాడగలదనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

కోయంబత్తూరు నుంచి నెబ్రాస్కా వరకు

ఈ సంగతి వెలుగులోకి వచ్చిన తీరు మన ప్రాంతానికి సంబంధించినదే. వైశ్య సమాజంలో ఆ ఎంజైమును నిర్వీర్యం చేసే జన్యుమార్పును వివరించిన పరిశోధన పత్రం 2006లో వెలువడింది. ఎంజైము నిర్మాణంలో 307వ స్థానంలో ఉండవలసిన ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ చేరడమే ఆ మార్పు. పరిశోధకులలో కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్. బూపతి, అమెరికాలోని నెబ్రాస్కాకు చెందిన ఒక్సానా లాక్‌రిడ్జ్ ఉన్నారు. జర్మనీలోని డార్మ్‌స్టాట్ శాస్త్రవేత్తలు కూడా ఇందులో పాలుపంచుకున్నారు. ఒక తెలుగు సమాజానికి సంబంధించిన ప్రశ్నకు సమాధానం మూడు దేశాల శాస్త్రవేత్తల సహకారంతో లభించింది.

తరువాతి కాలంలో ఈ సహకారం మరింత విస్తరించింది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, కుమారసామి తంగరాజ్, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్త డేవిడ్ రైక్ తదితరులు 2009లో 25 భారతీయ సముదాయాలకు చెందిన 132 మంది జన్యు సమాచారాన్ని పరిశీలించి ఒక పత్రం ప్రకటించారు. ఆ పని కొనసాగింపుగా 2017లో వెలువడిన మరొక పత్రంలో దక్షిణాసియాకు చెందిన 275కు పైగా సముదాయాల నుంచి 2,800 మందికి పైగా వ్యక్తుల సమాచారం చోటు చేసుకున్నది. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న సముదాయాలలో కొన్ని అరుదైన జన్యు లక్షణాలు పేరుకుపోతాయనీ, వాటిని గుర్తిస్తే అనేక వ్యాధులను ముందే నివారించవచ్చుననీ ఆ పత్రం వివరించింది. అందులో వైశ్య సమాజాన్ని ప్రత్యేకంగా ఉదాహరించారు.

ఇటువంటి పరిశోధన ఒక్క ఊరిలో, ఒక్క ఆసుపత్రిలో పూర్తయ్యేది కాదు. అరుదైన లక్షణాన్ని పట్టుకోవాలంటే వేలమంది సమాచారం కావాలి. దానిని విశ్లేషించే సాధనాలు కావాలి. ఇతర దేశాల జనాభాతో పోల్చి చూడాలి. అందుచేత ఆరోగ్య సమాచారం రాష్ట్రాల ఎల్లలనూ దేశాల ఎల్లలనూ దాటక తప్పదు. దానిని సురక్షితంగా దాటించడం ఎట్లా అన్నదే మన ముందున్న ప్రశ్న.

చిన్న సమాజం: విలువ ఎక్కువ, చాటు తక్కువ

దిండిగల్ కొండపై కోటను మధుర నాయక రాజులలో ఒకడైన ముత్తుకృష్ణప్ప నాయకుడు 1605లో కట్టించాడని చరిత్ర చెబుతుంది. విజయనగర, నాయక రాజుల కాలంలో ఈ సీమకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల వారసులు నేటికీ ఇక్కడ ఉన్నారు. ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ, పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ఇంటిపేరు విచారిస్తూ వీరు తమ ఉనికిని కాపాడుకుంటూ వచ్చారు. ఉద్యోగ వ్యాపారాల నిమిత్తం ఇటీవల వచ్చి చేరిన తెలుగువారు వీరికి తోడయ్యారు.

తరతరాల పాటు ఒక పరిధిలోనే సాగిన వివాహాల వల్ల ఇటువంటి సముదాయాలు శాస్త్రానికి ఎంతో విలువైనవి. వైశ్య సమాజం విషయంలో జరిగినది అదే. అయితే ఆ విలువకు కారణమైన లక్షణమే వారిని సులభంగా గుర్తుపట్టేట్టు చేస్తుంది. కోట్ల జనాభాలో ఒక వ్యక్తి పేరు తీసివేస్తే అతడు గుంపులో కలిసిపోతాడు. ఒక నగరంలోని చిన్న భాషా సముదాయంలో పేరు తీసివేసినా కలిసిపోవడానికి గుంపు ఉండదు. దిండిగల్‌లో నివసించే, తెలుగు మాతృభాషగా గల, ఫలానా కులానికి చెందిన, యాభై రెండేళ్ల మహిళ, వృత్తి ఉపాధ్యాయిని అని ఒక పట్టికలో ఉంటే చాలు. ఆమె ఎవరో బంధువర్గంలో ఎవరైనా చెప్పగలరు. తమిళనాట పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం మాత్రమే రాసే ఆచారం వల్ల మన ఇంటిపేర్లు ఆసుపత్రి కాగితాలకు ఎక్కకపోవచ్చు. కాని మాతృభాష, కులం, ఊరు అనే మూడు గడులు కలిస్తే ఇంటిపేరు అవసరమే ఉండదు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి రికార్డులను పేర్లు తొలగించి పరిశోధకులకు అందుబాటులో ఉంచారు. 1990ల చివరలో లటన్యా స్వీనీ అనే పరిశోధక విద్యార్థిని ఇరవై డాలర్లకు ఓటర్ల జాబితా కొని, తపాలా కోడు, పుట్టిన తేదీ, స్త్రీయా పురుషుడా అన్న మూడు వివరాలను ఆ రికార్డులతో సరిపోల్చింది. ఆ విధంగా ఆ రాష్ట్ర గవర్నరు వైద్య రికార్డునే ఆమె గుర్తించగలిగింది. అమెరికా జనాభాలో 87 శాతం మంది ఆ మూడు వివరాలతోనే ఒంటరిగా వేరుపడతారని 2000లో ఆమె అంచనా వేసింది.

గుర్తింపు వెల్లడైతే కలిగే నష్టం వ్యక్తితో ఆగదు. ఒక జన్యు లక్షణం ఒకరిలో ఉన్నదంటే వారి తోబుట్టువులలో, పిల్లలలో ఉండే అవకాశం ఉంటుంది. ఆ మాట పెళ్లి సంబంధాల దాకా, బీమా సంస్థల దాకా పోవచ్చు. సమాజం మొత్తానికి ఒక ముద్ర పడవచ్చు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో హవసుపాయ్ అనే చిన్న ఆదివాసీ తెగవారు 1990లలో మధుమేహ పరిశోధన కోసమని రక్త నమూనాలు ఇచ్చారు. తరువాత అవే నమూనాలను స్కిజోఫ్రీనియా, వలసల చరిత్ర, రక్తసంబంధీకుల మధ్య వివాహాలు అనే అంశాలపై పరిశోధనలకు వాడారని వారికి తెలిసింది. న్యాయపోరాటం అనంతరం 2010లో విశ్వవిద్యాలయం 41 మందికి ఏడు లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలను తెగకు తిరిగి ఇచ్చింది. వారి పేర్లు బయటపడినందుకు ఆ వివాదం తలెత్తలేదు. ఇచ్చిన కారణం ఒకటి, వాడిన కారణం మరొకటి కావడమే వారిని బాధించింది.

సమ్మతి పత్రంలోని మూడు మాటలు

పరిశోధనకు మన సమాచారం ఇవ్వమని కోరే పత్రాలలో మూడు ఇంగ్లీషు మాటలు తరచుగా ఎదురవుతాయి. తెలుగులోకి తెచ్చేటప్పుడు మూడింటినీ ‘గోప్యంగా ఉంచబడుతుంది’ అని ఒకే మాటతో సరిపెట్టడం వాడుక. అయితే వాటి మధ్య తేడా ఎంతో ఉన్నది.

మొదటిది ‘కోడెడ్’. ఇక్కడ మన పేరుకు బదులు ఒక సంఖ్య వేస్తారు. ఏ సంఖ్య ఎవరిదో తెలిపే పట్టిక మాత్రం ఎక్కడో భద్రంగా ఉంటుంది. ప్రమాదకరమైన లక్షణం బయటపడితే మనకు కబురు చేయడానికి ఈ పద్ధతి వీలు కల్పిస్తుంది. ఆ పట్టిక ఎవరి చేతిలో ఉన్నదన్నదే ఇక్కడ కీలకం. అది మన ఆసుపత్రిలోనే ఉండి, సమాచారం మాత్రమే విదేశానికి వెళ్లడం మేలైన పద్ధతి.

రెండవది ‘డీ-ఐడెంటిఫైడ్’. పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఆధార్ సంఖ్య వంటి నేరుగా గుర్తించే వివరాలను తొలగించారని దీని అర్థం. వయసు, ఊరు, భాష, కులం వంటివి మిగిలి ఉండవచ్చు. స్వీనీ నిరూపించిన ప్రమాదం ఇక్కడే ఉన్నది.

మూడవది ‘అనానిమైజ్డ్’. ఇచ్చిన సంస్థ సైతం తిరిగి ఎవరిదో చెప్పలేనంతగా సంబంధాన్ని తెంచివేశారని అర్థం. ఇందులో గోప్యత ఎక్కువ. కాని మన నమూనాలో ప్రాణాపాయ సూచన కనిపించినా మనకు తెలియజేసే దారి ఉండదు. సమ్మతి వెనక్కి తీసుకున్నా మన సమాచారాన్ని వెతికి తొలగించడం సాధ్యపడదు.

పైగా, ఏ వివరం మనలను పట్టి ఇస్తుందో ముందుగా చెప్పడం కూడా కష్టమే. 2016లో గూగుల్ పరిశోధకులు మధుమేహం వల్ల కంటి రెటీనాకు కలిగే హానిని గుర్తించే కంప్యూటర్ విధానాన్ని ప్రకటించారు. దానికి శిక్షణ ఇవ్వడానికి 1,28,175 రెటీనా చిత్రాలను వాడారు. అవి అమెరికా నుంచి, భారతదేశంలోని మూడు కంటి ఆసుపత్రుల నుంచి సేకరించినవి; మధురైలో పుట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి వాటిలో ఒకటి. చూపు కోల్పోయే ప్రమాదాన్ని ముందే పసిగట్టే సాధనం ఆ విధంగా సిద్ధమైంది. రెండేళ్ల తరువాత, 2018లో, బ్రిటన్, అమెరికా దేశాల రెటీనా చిత్రాలతో జరిగిన మరొక పరిశోధన ఒక వింతను బయటపెట్టింది. ఆ చిత్రాన్ని బట్టి అది స్త్రీదా పురుషుడిదా, వయసు సుమారు ఎంత, పొగ తాగే అలవాటు ఉన్నదా అన్న సంగతులను కంప్యూటర్ అంచనా వేయగలిగింది. అనుభవజ్ఞుడైన నేత్రవైద్యుడికి సైతం కనిపించని ఆనవాళ్లు పేరు లేని ఒక చిత్రంలో దాగి ఉన్నాయన్నమాట.

సమాచారం కదలకుండా పరిశోధన సాగే విధానం

పేర్లు తొలగించి ప్రతిని పంపివేయడం పాత పద్ధతి. ఒకసారి ప్రతి చేయి దాటితే, దానికి ఎన్ని నకళ్లు పుట్టాయో, ఎవరి వద్ద ఉన్నాయో తెలుసుకోవడం కష్టం. ఈ కారణంగా ప్రపంచంలో అనేక సంస్థలు మరొక మార్గాన్ని అనుసరిస్తున్నాయి. సమాచారం తన చోటనే ఉంటుంది. పరిశోధకుడే దాని వద్దకు వస్తాడు.

దేవాలయంలో మూలవిరాట్టు గర్భగుడి విడిచి రాదు. భక్తుడే లోపలికి వెళ్లి దర్శనం చేసుకుని, ప్రసాదంతో బయటికి వస్తాడు. సురక్షిత పరిశోధన వ్యవస్థ కూడా ఇటువంటిదే. అనుమతి పొందిన పరిశోధకుడు కట్టుదిట్టమైన కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశించి అక్కడనే లెక్కలు చేసుకుంటాడు. ఒక్కొక్కరి వివరాలను బయటికి తీసుకుపోలేడు. ‘ఇంతమందిలో ఇంత శాతం’ అన్న తుది ఫలితాలు మాత్రమే, అవి కూడా తనిఖీ జరిగిన తరువాత, బయటికి వస్తాయి. ఒక గడిలో ఇద్దరు ముగ్గురు మాత్రమే ఉంటే ఆ సంఖ్యను తొక్కిపెట్టడం ఈ తనిఖీలో భాగం. చిన్న సముదాయాలకు అసలైన రక్షణ ఇదే.

అయిదు లక్షల మంది సమాచారం గల యూకే బయోబ్యాంక్ 2021లో ఇటువంటి వేదికను ప్రారంభించింది. 2025 మార్చిలో అమలులోకి వచ్చిన యూరోపియన్ ఆరోగ్య సమాచార నిబంధన సైతం పరిశోధనకు ఇటువంటి సురక్షిత వ్యవస్థనే తప్పనిసరి చేసింది. దాని ప్రధాన భాగాలు దశలవారీగా వర్తిస్తాయి. మన దేశంలో ఫరీదాబాదులోని భారతీయ జీవశాస్త్ర సమాచార కేంద్రం 2022 నవంబరులో ప్రారంభమైంది. పదివేల మంది భారతీయుల జన్యుక్రమాలను నమోదు చేసిన జీనోమ్ ఇండియా సమాచారాన్ని అక్కడ భద్రపరచి, 2025 జనవరి నుంచి నియమబద్ధంగా పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు.

మరొక పద్ధతిలో, ప్రతి ఆసుపత్రిలోని సమాచారం ఆ ఆసుపత్రిలోనే ఉండగా, కంప్యూటర్ విధానం ఒక్కొక్క ఆసుపత్రికీ వెళ్లి అక్కడ నేర్చుకున్న సారాన్ని మాత్రమే వెంట తీసుకుపోతుంది. సమాచారాన్ని తప్పనిసరిగా పంపవలసి వచ్చినప్పుడు దానిని గుప్తీకరించి పంపుతారు. తాళంచెవి లేనివారి చేతికి చిక్కినా అది అర్థంలేని అక్షరాల మూట మాత్రమే. తాళాలకు పేరు పొందిన దిండిగల్ వాసులకు ఈ సూత్రం కొత్తది కాదు: తాళం ఎంత గట్టిదైనా, చెవి ఎవరి వద్ద ఉన్నదో చూడాలి.

చట్టం ఏమి చెబుతున్నది

భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన జాతీయ నైతిక మార్గదర్శకాల ప్రకారం, మనుషులపై జరిగే ప్రతి వైద్య పరిశోధనకూ నైతిక సంఘం ఆమోదం ఉండాలి. ఆ సంఘం అధ్యక్షుడు ఆ సంస్థకు చెందని వ్యక్తి అయి ఉండాలి. సంఘంలో వైద్యులతో పాటు న్యాయం తెలిసినవారు, సామాన్య పౌరులు కూడా ఉంటారు. పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో వివరించి సమ్మతి తీసుకోవాలి. పాల్గొనకపోయినా, మధ్యలో విరమించుకున్నా వారి చికిత్సకు లోటు రాకూడదు. విదేశీ సంస్థలతో కలిసి చేసే పరిశోధనను కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలన సంఘం కూడా ఆమోదించవలసి ఉంటుంది.

డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతికి సంబంధించిన ప్రధాన నిబంధనలు అప్పటి నుంచి 18 నెలల గడువు తరువాత అమలులోకి వస్తాయి. ఈ చట్టంలోని 6వ విభాగం మనకు ఎంతో ముఖ్యమైనది. సమ్మతి కోరే పత్రాన్ని స్పష్టమైన భాషలో ఇవ్వాలనీ, దానిని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలో గాని చదువుకునే అవకాశం ఉండాలనీ అది చెబుతుంది. ఆ 22 భాషలలో తెలుగు ఉన్నది. ఈ హక్కు రాష్ట్రాన్ని బట్టి మారదు. తమిళనాట నివసించే తెలుగువారికీ వర్తిస్తుంది. సమ్మతి ఇచ్చినంత సులభంగా దానిని ఉపసంహరించుకునే వీలుండాలని కూడా అదే విభాగం నిర్దేశిస్తుంది.

రెండు పరిమితులను మాత్రం గుర్తుంచుకోవాలి. నిర్దేశించిన ప్రమాణాలను పాటిస్తూ, ఏ ఒక్క వ్యక్తి విషయంలోనూ నిర్ణయం తీసుకోవడానికి కాకుండా, కేవలం పరిశోధనకు సమాచారాన్ని వాడినప్పుడు ఈ చట్టం నుంచి మినహాయింపు ఉన్నది. అలాగే, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నిషేధించిన దేశాలకు తప్ప ఇతర దేశాలకు సమాచారం పంపడాన్ని ఈ చట్టం అడ్డుకోదు. అందువల్ల పరిశోధన విషయంలో నైతిక సంఘమూ, మనం చదివి సంతకం చేసే సమ్మతి పత్రమూ చట్టంతో సమానంగా ముఖ్యమైనవి.

సంతకానికి ముందు అడగవలసిన ప్రశ్నలు

చికిత్సకు ఇచ్చే సమ్మతి వేరు, పరిశోధనకు ఇచ్చే సమ్మతి వేరు. రెండూ ఒకే కాగితాల కట్టలో వచ్చినా విడివిడిగా చదవాలి. పరిశోధన పత్రం చేతికి వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి:

1. ఈ సమాచారం ఏ వ్యాధి గురించిన పరిశోధనకు? మరొక పరిశోధనకు వాడవలసి వస్తే మమ్మల్ని మళ్లీ అడుగుతారా?
2. మా కులం, మాతృభాష, ఊరు నమోదు చేస్తున్నారా? చేస్తే, ఫలితాలు ప్రచురించేటప్పుడు అవి ఎంతవరకు కనిపిస్తాయి?
3. పేరుకు బదులు కోడు వేస్తే, ఆ పట్టిక ఏ సంస్థ వద్ద ఉంటుంది?
4. సమాచారం విదేశానికి ప్రతిగా వెళుతుందా, లేక పరిశోధకులే ఇక్కడి సురక్షిత వ్యవస్థలోకి వచ్చి చూస్తారా?
5. మా ఆరోగ్యానికి ప్రమాదకరమైనది ఏదైనా బయటపడితే మాకు తెలియజేస్తారా?
6. విరమించుకోదలిస్తే ఎవరికి తెలపాలి? అప్పటికే వాడిన సమాచారం ఏమవుతుంది?
7. ఈ పత్రం తెలుగులో ఉన్నదా?

సమ్మతి పత్రంలో ప్రధాన పరిశోధకుని వివరాలు, నైతిక సంఘం చిరునామా ఉండాలి. సంతకం చేసిన పత్రం ప్రతిని తప్పక తీసుకుని ఇంట భద్రపరచుకోండి. తరువాత ఫిర్యాదు చేయాలన్నా, విరమించుకోవాలన్నా అదే ఆధారం.

ఈ ప్రశ్నలు అడగడం పరిశోధనను అడ్డుకోవడం కాదు. వైశ్య కుటుంబాలు ముందుకు వచ్చి నమూనాలు ఇవ్వకపోయి ఉంటే, మత్తు మందు ప్రమాదానికి మూలమైన ఆ జన్యుమార్పు ఏమిటో తెలిసేది కాదు. తగిన జవాబులు లభించినప్పుడు ధైర్యంగా పాల్గొనవచ్చు. లభించనప్పుడు సంతకం చేయకుండా పత్రాన్ని ఇంటికి తీసుకుపోయి, కుటుంబంతో చర్చించి రావచ్చు. అందుకు వ్యవధి కోరడం మీ హక్కు. ఇక శస్త్రచికిత్సకు వెళ్లే ప్రతి ఒక్కరూ, తమ రక్తసంబంధీకులలో ఎవరికైనా మత్తు ఇచ్చిన తరువాత తెలివి రావడం గాని, ఊపిరి అందడం గాని ఆలస్యమై ఉంటే, ఆ సంగతిని మత్తు వైద్యుడికి ముందుగానే చెప్పాలి. ఈ సమాచారాన్ని మాత్రం దాచుకోకూడదు.